మూడు మొనల ఆకు

పెరంబూరులో రైలు పట్టాలకి అవతల ఒక సందు ఉంది. ఆ సందులో చివరి ఇల్లు మునెమ్మది. ముందు గదిలో కుట్టుమిషను, దాని వెనక వంటిల్లు, వంటింటి తలుపు తీస్తే పెరడు. నాలుగు మంచాలు వాల్చుకునేంత మట్టినేల. మద్రాసులో కాలు చాపుకునే చోటు లేని మనుషులు లక్షల్లో ఉండగా, ఇంటి వెనక ఇంత మట్టి ఉన్నవాళ్ళని అదృష్టవంతులు అనక ఏమంటాం? మునెమ్మకి మాత్రం ఆ సంగతి చాలాకాలం తెలియలేదు. తెలుసుకునే తీరిక ఉంటేగా.

తీరిక అన్నమాట ఆమె దగ్గర ఎత్తకూడదు. పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు నుంచి చీరలు మూటగట్టి బస్సులో తెచ్చుకునేది. ఫాల్స్ కుట్టి, అంచులు పీకో చేసి, మళ్ళీ మూటగట్టి తీసుకెళ్ళి ఇచ్చేది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని అది. అన్నం నిలబడి తినేది, కాఫీ నడుస్తూ తాగేది. కూర్చుందంటే మిషను ముందు కూర్చున్నట్టే లెక్క. భర్త వరదయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుకుంటుంటే మునెమ్మకి ఒళ్ళు మండేది. పేపరు మొత్తం చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చేవాడు మహానుభావుడు.

పెరడు నిజానికి మునెమ్మ చెల్లెలు మంగతాయిది. బాలవాడిలో ఆయాగా పనిచేసేది మంగతాయి. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నా పోయాక అక్క ఇంటికి వచ్చేసింది. వస్తూ ఒక ట్రంకు పెట్టె, నాలుగు మొక్కలు తెచ్చుకుంది. ట్రంకు పెట్టెలో ఏముందో ఎవరూ పట్టించుకోలేదు గానీ, మొక్కలు మాత్రం చూస్తుండగానే పెరడంతా ఆక్రమించేశాయి. బావి గట్టు పక్కన తడి నేలలో సరస్వతి ఆకు, గోడ వారగా ముళ్ళతో పాకే తూదువళ, పగిలిన బక్కెట్లలో పుదీనా, వాము ఆకు, నిమ్మగడ్డి, నీళ్ళు పారే చోట పొన్నగంటి. సాయంత్రం ఆమె నీళ్ళు చల్లుతుంటే ఒక్కో మొక్క ఒక్కో వాసన విప్పేది. అన్నీ కలిసి వంటింట్లోకి వచ్చి, అక్కడి సాంబారు వాసనని పక్కకి నెట్టి, ముందు గదిదాకా వెళ్ళేవి. మిషను మీద వంగిన మునెమ్మ ఒక్క క్షణం పాదం ఆపేది. ఏదో గుర్తొచ్చినట్టుండేది. ఏమిటో తేలేలోపు మళ్ళీ మిషను తిరిగేది.

సందులో పిల్లలకి జలుబు చేస్తే మంగతాయి దగ్గరికే వచ్చేవాళ్ళు. కీర, అంటే ఆకుకూర, అమ్మే అమ్మాసి పొద్దున్నే గంప దించి, పొన్నగంటి రెండు కట్టలు కోసుకుని, బదులుగా మెంతికూరో తోటకూరో ఇచ్చిపోయేది. పొన్నగంటి వేరేచోట దొరకదని కాదు, మాటల కోసం ఆగేది అమ్మాసి. మంగతాయి మాట అంత నెమ్మదిగా, అంత హాయిగా ఉండేది. అక్కాచెల్లెళ్ళు ఒక కడుపున పుట్టారంటే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు.

అలాంటి మంగతాయికి ఒక వేసవిలో కళ్ళు పచ్చబడ్డాయి. పెద్దాసుపత్రిలో చూపించారు. డాక్టరమ్మ మందులు రాసిచ్చి, వరదయ్యని పక్కకి పిలిచి, చెప్పవలసింది చెప్పింది. కాలేయం చాలావరకు చెడిపోయిందనీ, ఉన్నన్నాళ్ళు బాధ లేకుండా చూసుకోమనీ. వరదయ్య ఇంటికొచ్చి అక్కాచెల్లెళ్ళిద్దరికీ దాచకుండా చెప్పాడు. మంగతాయి తలూపింది. మునెమ్మ ఒప్పుకోలేదు.

ఆమె ఒప్పుకోకపోవడానికి కారణం వాళ్ళ అవ్వ. పచ్చకామెర్లు ఎంత ముదిరినా అవ్వ ఒకే ఆకు నూరి పోసేది. పసుపుపచ్చ పూలు పూసే గుంటగలగర. మద్రాసులో పుట్టిపెరిగిన తెలుగువాళ్ళం కాబట్టి మన నోట అది కరిసిలాంకణ్ణి. ఆ మొక్క మంగతాయి పెరట్లో ఒకప్పుడు ఉండేది, కిందటి వానలకి కుళ్ళిపోయింది. ఉన్నన్నాళ్ళూ మునెమ్మ దాన్ని తేరిపార చూసిందీ లేదు.

ఒకరోజు పురసవాక్కంలో చీరల మూట ఇచ్చి వస్తుంటే, కొత్తగా కట్టిన ఒక ఫ్లాట్ల ముందు, గోడ పొడుగునా నేలమీద పచ్చగా పరుచుకుని ఏదో తీగ కనిపించింది. దాని నిండా పసుపుపచ్చ పూలు, ఎండలో ఒక్కొక్కటీ వెలుగుతూ. వాచ్‌మన్ కునుకు తీస్తున్నాడు. అడక్కుండా తెచ్చిన కొమ్మ చక్కగా నాటుకుంటుందని మన ఆడవాళ్ళకి ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎవరు పుట్టించారో గానీ మొక్కలున్న ఇంటివాళ్ళు మాత్రం పుట్టించి ఉండరు. మునెమ్మ అటూ ఇటూ చూసి, గుప్పెడు తీగ పీకి, కొంగులో చుట్టేసుకుంది. జన్మలో మొదటి దొంగతనం. బస్సులో వస్తున్నంతసేపూ కొంగు తడిమి చూసుకుంటూనే ఉంది. అది భయమో సంతోషమో ఆమెకే తెలియలేదు.

ఇంటికొచ్చి చెల్లెలి ముందు కొంగు విప్పింది. మంగతాయి ఒక కొమ్మ తీసుకుంది. ఆకు తిప్పి చూసింది, వాసన చూసింది, పువ్వు కిందికి వంచి చూసింది.

"యాడిదక్కా ఇది?"

"యాడిదైతే ఏం. అదే కదా?"

మంగతాయి తలెత్తి, చెమటతో తడిసిపోయిన అక్క ముఖం వంక కాసేపు చూసింది. "అదే అక్కా," అంది.

తీగ నాటుకుంది. నాటుకోవడం ఏమిటి, వారం తిరక్కుండానే కొత్త ఊరికొచ్చిన చుట్టంలా కాళ్ళు చాపింది. మునెమ్మ రోజూ తెల్లవారగానే గుప్పెడాకు కోసి, నూరి, పల్చటి మజ్జిగలో కలిపి వడగట్టి గ్లాసులో పోసేది. అప్పుడు అవ్వ పెట్టిన నియమం ఒకటి అడ్డొచ్చేది. మందాకు ఇచ్చిన మనిషి, తాగేవాళ్ళు గ్లాసు దించేదాకా పక్కనే కూర్చోవాలి. మధ్యలో లేచి వెళ్తే మందు గుణం కూడా ఆ మనిషి వెంటే వెళ్ళిపోతుందని అవ్వ నమ్మకం. అవ్వ మాట జవదాటే ధైర్యం మునెమ్మకి లేదు. అందుకని పెరటి మెట్టు మీద చెల్లెలి పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే కూర్చునేది.

మంగతాయి చాలా నెమ్మదిగా తాగేది. ఒక గుక్క మింగి, చాలాసేపు పెరట్లోకి చూసేది. ఆ వేళకి వెలుగు ఇంకా పూర్తిగా వచ్చేది కాదు. ఆకులకి రంగు ఉండేది కాదు, అంచులు మాత్రమే ఉండేవి. మొదటి లోకల్ రైలు పోతుంటే సరస్వతి ఆకుల మీద నీటిబొట్లు కదిలేవి. "చూడక్కా, తూదువళ పూసింది," అనేది. "చిన్నప్పుడు చింతాద్రిపేటలో అవ్వోళ్ళింటి వెనకాల ఇట్టే ఉండేది కదా. నువ్వు ముల్లు గుచ్చుకుని ఏడ్చినావు," అనేది. మళ్ళీ ఒక గుక్క. మాటల మధ్యలో కోయిల కూత వచ్చినా, పక్కింటి కుళాయి చప్పుడు వచ్చినా, అది అయిపోయేదాకా ఆగి తర్వాత మాట్లాడేది. ఆ మెట్టు మీద కాలం వేరేగా నడిచేది. లోపల మిషను మీద చీరలు పడి ఉన్నాయని మునెమ్మకి చేతులు జిలపెట్టేవి.

"బిరీన తాగవే," అనేది.

"చేదుగా ఉండాదక్కా," అనేది మంగతాయి.

వానలు వచ్చాయి, వెలిశాయి. మార్గళి నెల చలిలో ఒక తెల్లవారుజామున మంగతాయి నిద్రలోనే పోయింది. మునెమ్మ ఆ రోజు కూడా ఆకు నూరింది. నూరి, గ్లాసులో పోసి, లేపబోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు పెరడుని మునెమ్మే చూసుకుంది. చూసుకోవడమంటే పొద్దున ఒక బక్కెట్ నీళ్ళు కుమ్మరించి మిషను దగ్గరికి పరుగెత్తడం. ఆ నీళ్ళన్నీ తాగి పెరిగింది మాత్రం పచ్చపూల తీగ. మిట్టమధ్యాహ్నం కుడుతూ కుడుతూ కళ్ళు మూతలు పడితే, తెరిచిన తలుపుల్లోంచి పెరడంతా పసుపుపచ్చగా కనిపించేది. ఆ పూల మధ్య మంగతాయి గొంతుక్కూర్చుని ఏదో వెతుకుతున్నట్టుండేది. వెనక్కి తిరిగి "అక్కా, ఈడ చూడు" అని పిలిచినట్టుండేది. మునెమ్మ లేవబోయేది. సూది వేలికి గుచ్చుకునేది. అంతే, పెరట్లో పూలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆ కల మళ్ళీ రావాలని ఆమె మధ్యాహ్నాలు కావాలనే తలుపు తీసిపెట్టి కుట్టేది.

వరదయ్యకి ఆ తీగంటే గర్వం కూడా వచ్చేసింది. ఎవరైనా వస్తే పెరటి తలుపు తీసి, తనే పూయించినట్టు చూపించేవాడు. ఆయన పొరపాటున దాన్ని తొక్కితే మాత్రం మునెమ్మ ఊరుకునేది కాదు. అది చెల్లెలు తాగిన ఆకు. మిగిలిందల్లా అదే.

కిందటి కార్తీకంలో పెద్దవానలకి సందులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీసేసరికి పెరట్లో బక్కెట్లు బోర్లాపడి ఉన్నాయి. మిగతా మొక్కలు తలెత్తుకునేలోపు పచ్చపూల తీగ అన్నిటిమీదికీ పాకేసింది. పొన్నగంటి పోయింది. పుదీనా పోయింది. సరస్వతి ఆకు ఎక్కడుందో కనిపించలేదు. పోతే పోనీ, చెల్లెలి ఆకు బాగుంది కదా అనుకుంది మునెమ్మ.

ఒక ఆదివారం కూతురు శరణ్య వచ్చింది. పెళ్ళయి అంబత్తూరులో ఉంటుంది, ఆఫీసులో ఉద్యోగం. తల్లితో తెలుగులో మొదలుపెట్టి అరవంలోకి జారిపోయే రకం. పెరట్లో పూలు చూసి ముచ్చటపడి ఫోటో తీసింది. ఈ కాలం ఫోన్లు ఊరుకోవు కదా. ఏ మొక్కో చెప్పే యాప్ ఒకటి ఉందట, అందులో పెట్టింది. చదివింది. మళ్ళీ చదివింది.

"అమ్మా, ఇది కరిసిలాంకణ్ణి ఇల్ల."

"ఏం కాదు?"

"కాదమ్మా. ఇది వేరే. రోడ్డు మధ్యలో అందం కోసం వేస్తారు చూడు, అది. అసలుదానికి ఆకు సన్నంగా పొడుగ్గా ఉంటదంట. దీనికి చూడు, మూడు మొనలు. ఎక్కడో వేరే దేశంది. కణుపు కణుపుకీ వేరు దించి పక్కన దేన్నీ బతకనీదంట. పీకేయాలమ్మా, లేకుంటే చిన్నమ్మ పెట్టిందొక్కటీ మిగలదు."

మునెమ్మ ఒక ఆకు తుంచి అరచేతిలో పెట్టుకుంది. మూడు మొనలు. అన్ని నెలలు తన చేత్తో కోసి, తన చేత్తో నూరింది. ఒక్కరోజు కూడా ఆ మొనలు కంటబడలేదు.

శరణ్యకి అప్పుడు తట్టింది, తను ఏం చెప్పిందో. తల్లి ముఖం చూసి భయపడి, అప్పటికప్పుడు తెలిసిన డాక్టరుకి ఫోన్ చేసి అడిగింది. ఆ స్థితికి వచ్చిన మనిషికి ఏ ఆకూ చేసేదేమీ ఉండదనీ, ఈ ఆకువల్లే ప్రాణం పోయిందనుకోనక్కర్లేదనీ ఆయన చెప్పాడు. శరణ్య ఆ మాటే తల్లికి పదిసార్లు చెప్పింది. వరదయ్య కూడా చెప్పాడు. మునెమ్మ వింది. విని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమింది.

డాక్టరు మాట అబద్ధమని కాదు. ఆమె లెక్క వేరు. అసలాకు దొరికి ఉంటే? అవ్వ చేత్తో ఎందరు బతకలేదు? చెల్లెలు తనని నమ్మి నోరు తెరిస్తే, తను తీసుకెళ్ళి రోడ్డు పక్క గడ్డి పోసింది. చేదుగా ఉండాదక్కా అంటే, బిరీన తాగవే అంది. ఆ వారమంతా మునెమ్మ కుట్టిన చీరల్లో సగం కుట్లు వంకర పోయాయి. మధ్యాహ్నాలు పెరటి తలుపు మూసేసి కుట్టింది. కలలోకి వచ్చినా చెల్లెలి ముఖం చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

ఆ పై సోమవారం పొద్దున్నే కొంగు బిగించి పెరట్లోకి దిగింది. తీగ పట్టుకుని లాగితే కొసే చేతికొచ్చింది. వేరు లోపలే ఉండిపోయింది. గడ్డపార తెచ్చి తవ్వింది. ఒక చోట లాగితే మూరెడు అవతల నేల కదిలేది. పూలు ముఖానికి తగిలేవి. వరదయ్య, పేపరు పక్కన పెట్టి మరీ వచ్చి, పీకిన తీగ ఎక్కడా మట్టికి తగలకుండా గోనెసంచుల్లో కూరి డాబా మీద ఎండేయడానికి మోసుకెళ్ళాడు. చెత్త వేసే కుప్పతొట్టిలో వేస్తే అక్కడా నాటుకుంటుందని శరణ్య చెప్పింది మరి.

"ఒక కొమ్మ తొట్టిలో ఉంచుకుందామా?" అన్నాడు ఆయన మెల్లగా. "తాయి గుర్తుగా."

"వద్దు," అంది మునెమ్మ. ఏడుస్తూనే పీకుతోంది. బావి గట్టు పక్కకి వచ్చేసరికి, పీకిన తీగ కింద, వెలుగు చూడక తెల్లబడిపోయి, చిల్లుకాసంత ఆకులు రెండు మూడు కనిపించాయి. సరస్వతి ఆకు. చచ్చిపోలేదు. మునెమ్మ గడ్డపార పక్కన పడేసి, అక్కడే మట్టిలో మోకాళ్ళ మీద కూలబడింది.

అమ్మాసి కీర గంపతో పెరటి గేటు దగ్గరికి వచ్చింది అప్పుడే. గంప దించింది. పెరడు చూసింది, మునెమ్మని చూసింది.

"ఏందక్కా ఇది. పండగలా ఉండె పెరడు."

"ఇది కరిసిలాంకణ్ణి కాదంట అమ్మాసీ. గడ్డి అంట. నా చేత్తో నా చెల్లెలికి గడ్డి తాపినా."

అమ్మాసి కొంగుతో ముఖం తుడుచుకుంది. గంపలో కట్టలు అటూ ఇటూ సర్దింది. చివరికి గట్టు మీద కూర్చోకుండానే, గోడకి ఆనుకుని చెప్పింది.

"దానికి తెలుసక్కా."

"ఎవురికి?"

"మంగతాయికి. కీర అమ్ముకునేదాన్ని, నాకు తెలీదా, ఒకదినం చూసి అడిగేసినా. ఏమే తాయీ, ఇది ఆ ఆకు కాదు కదా, మాధవరం చెరువు కాడ నిజమైంది ఉండాది, రేప్పొద్దున తెస్తా అన్నా. వద్దనింది. నవ్వతా వద్దనింది. ఏమిటికిమే అంటే చెప్పిందక్కా. ఇది ఏ ఆకుతోనూ పొయ్యేది కాదు అమ్మాసీ, డాక్టరు చెప్పింది నేను ఇన్నా. మాయక్కకి చెప్పొద్దు. చెప్తే అది కుమిలిపోతాది. అప్పురం నిజమైన ఆకు కోసం ఊరంతా పరిగెత్తతాది. ఇప్పుడు పొద్దున్నే వచ్చి నా పక్కన కూచుంటా ఉండాది. నేను పుట్టినప్పట్నించి మాయక్క ఇంతసేపు నా పక్కన కూచోనింది లేదు, అనింది."

మునెమ్మ తలెత్తి అమ్మాసి వంక చూసింది.

"గ్లాసుడు మజ్జిగ తాగేదానికి అంతసేపు ఎవురికి పడతాదక్కా?" అంది అమ్మాసి. "చెప్పొద్దని నా చేతిలో చెయ్యి ఏపిచ్చుకునింది. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకోనుండా."

లోకల్ రైలు ఒకటి పోయింది. మునెమ్మకి మొదట కోపం వచ్చింది. దొంగముండ, ఎంత నాటకమాడింది.

"అడిగుంటే కూచునేదాన్ని కదా," అంది పైకి. "ఆకు లేకపోయినా కూచునేదాన్ని."

అన్నది గానీ, అది నిజం కాదని మునెమ్మకే తెలుసు. అడిగి ఉంటే, రేపు కూచుంటాలేవే, ఈ చీరలు ఇచ్చేసి వస్తా అని ఉండేది. రేపు కూడా అదే అని ఉండేది. తన సంగతి తనకన్నా చెల్లెలికే బాగా తెలుసు. అందుకే ఆ చేదంతా తాగింది.

అప్పుడు మునెమ్మ గట్టిగా ఏడ్చింది. వారమంతా ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. వరదయ్య డాబా మెట్ల మీద ఖాళీ సంచి పట్టుకుని నిలబడిపోయాడు. కిందికి రావాలో వద్దో ఆయనకి తెలియలేదు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని, సరస్వతి ఆకు చుట్టూ మిగిలిన తీగ పోగులు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసింది. ఇది ఒక్కరోజులో పోయే మొక్క కాదు. రేపు ఇంకో కణుపు నుంచి వస్తుంది, ఎల్లుండి ఇంకోటి. వస్తే రానీ. ఎండ బావి గట్టు దాటి ఇవతలికి వచ్చింది. కొత్తగా బయటపడిన మట్టి వాసన వేస్తోంది, దానికింద ఎక్కడో నలిగిన పుదీనా వాసన.

అమ్మాసి గంప ఎత్తుకోబోయింది. "పోతానక్కా. పొద్దెక్కతా ఉండాది, ఈ కీర వాడిపోతే ఎవురూ తీసుకోరు."

లోపల మిషను మీద, సాయంత్రానికి ఇవ్వవలసిన చీరలు మడత కూడా విప్పకుండా ఉన్నాయి. మునెమ్మ వెళ్ళి పెరటి మెట్టు మీద కూర్చుంది. పక్కన చోటు చేత్తో తుడిచింది.

"పోదువులేమే," అంది. "కాసేపు కూచో."